ఉప్పుకాగితం

షార్జాలో బండ్ల రిపేరు షెడ్డులో చేరిన మూడో వారం. హెడ్‌లైట్లు మిణుకుమంటున్నాయని పాత బండి ఒకటి షెడ్డుకొచ్చింది. కనెక్టర్ ఊడదీస్తే లోపలంతా పచ్చటి చిలుము. అలవాటు కొద్దీ జేబులోంచి ఉప్పుకాగితం ముక్క తీసి పిన్నుల మీద నాలుగు రుద్దులు రుద్దాను. తళతళలాడాయి. సూపర్‌వైజరు వెనకనించి చూసి, "నీకు ఈ పని ఎవడు నేర్పాడు?" అన్నాడు హిందీలో, అందరి ముందూ.

నన్ను నాలుగు తిట్టినా పడేవాణ్ణి. ఆ మాట మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో ఉన్న మా గురువుగారికి తగిలింది. పదో తరగతి తప్పాక నన్ను చేరదీసి పని నేర్పిన మనిషి.

సూపర్‌వైజరు చెప్పిన కారణంలో తప్పు లేదు. అది ఒప్పుకోడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఇత్తడి పిన్నుల మీద పల్చగా తగరం పూత ఉంటుంది. రుద్దితే చిలుముతో పాటు పూతా పోతుంది, ఇవాళ మెరిసిన పిన్ను ఇంకా తొందరగా పచ్చబడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, మెత్తటి బ్రష్‌తో తోమి, ఆరాక బిగించాలి. సరే. కానీ అదే షెడ్డులో సెల్ఫ్ మోటారు మొరాయిస్తే విప్పి చూసే నాథుడు లేడు. కొత్తది పెట్టెలోంచి తీసి బిగించేస్తారు. మా గురువుగారైతే విప్పి, కమ్యూటేటరు, అంటే లోపల తిరిగే రాగి పట్టీల చుట్టు, దాని గాళ్లలో పేరుకున్న కార్బన్ పొడిని హాక్సా బ్లేడు ముక్కతో గీకి, దాన్ని ఒరుసుకునే కార్బన్ బ్రష్‌లు అరిగితే మార్చి, మళ్లీ గిర్రున తిప్పించేవారు. ఒకసారి నేను చేస్తానంటే అక్కడ నవ్వారు. నవ్వినవాళ్లలో ఒక్కడికీ ఆ పని రాదు, అది వేరే సంగతి.

మొన్న సెలవు మీద వచ్చినప్పుడు ఆటోనగర్ వెళ్లాను. ఆ క్లీనర్ స్ప్రే డబ్బా విమానంలో తేనివ్వరు కాబట్టి ఇక్కడే కొని పట్టుకెళ్లా. గురువుగారు పాత మారుతి 800 ముందు గొంతుకూర్చుని ఉన్నారు. అదే రోగం, ఎడం లైటు గుడ్డిగా వెలుగుతోంది. చేతిలో అదే ఉప్పుకాగితం.

"వద్దండీ, పూత పోద్ది," అన్నాను.

ఆయన నన్నూ డబ్బానీ మార్చి మార్చి చూశారు. "ఇది కొంటే ఈ బండికి నేను తీసుకునే కూలి మిగుల్తదంట్రా?" అన్నారు గానీ, పక్కకి జరిగారు. కనెక్టర్ శుభ్రం చేసి లైటు వేశా. కొంచెం కూడా తేడా లేదు. మీటరు ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ మీదా, రెండోది లైటు ఎర్తు పిన్ను మీదా పెడితే 0.9 వోల్టు. ఎర్తు దారిలోనే అంత వోల్టేజీ పోతోందన్నమాట, 0.2 దాటకూడదు. షెడ్డు కుర్రాళ్లు చూస్తున్నారు, నాకు చెమటలు.

గురువుగారు మాట్లాడకుండా లైటు నించి వచ్చే నల్ల ఎర్తు వైరు పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ వెళ్లారు. బ్యాటరీ కింద, బాడీకి బిగించిన బోల్టు దగ్గర ఆగారు. రింగు కింద తుప్పు, దాని కింద ఎప్పుడో టింకరింగ్ చేయించినప్పుడు కొట్టిన పెయింటు. ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, ఉప్పుకాగితం ముక్క మడిచి నావైపు చూశారు.

"ఇక్కడ రుద్దొచ్చా సార్?"

రేకు తెల్లగా బయటపడేదాకా రుద్ది బోల్టు బిగించారు. బ్యాటరీ మళ్లీ తగిలించి లైటు వేస్తే మీటరు 0.1 చూపించింది. "ఆ వాజిలీన్ డబ్బా ఇటియ్యి," అన్నారు.