మొగలి మేనత్త, వట్టివేరు మాస్టారు

ఆదివారం. స్నానం కాగానే కుడి మణికట్టు మీద వట్టివేరు అత్తరు, ఎడమ మణికట్టు మీద మొగలి అత్తరు పూసుకున్నాను. బయటికి వెళ్ళే పని లేదు. ఇల్లు సర్దుకోవడం, వంట, సాయంత్రం అమ్మకు ఫోను, అంతే. అత్తరు సంగతి తేల్చుకోవాలంటే ఇలాంటి రోజే కావాలి. ఆఫీసు రోజున పూసుకుంటే లిఫ్టులో పక్కవాళ్ళ సెంటు, బస్సులో చెమట, క్యాంటీన్‌లో సాంబారు అన్నీ కలిసిపోయి ఏది దేని వాసనో తెలియదు.

నాకు వాసనలు మనుషుల్లా కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచీ అంతే. మూత తీయగానే ఎవరో ఒకరు వచ్చి ఎదురుగా నిలబడాలి. వయసెంత ఉంటుందో, ఏం కట్టుకుందో, నవ్వే మనిషో కాదో, కూర్చోమంటే కూర్చుంటుందో లేక వాకిట్లోంచే మాట్లాడి వెళ్ళిపోతుందో, ఇవన్నీ తెలియాలి. ఎవరూ రాకపోతే ఎంత ఖరీదైన సీసా అయినా కొనాలనిపించదు.

ఈ రెండూ చార్మినార్ దగ్గర ఒక పాత అత్తరు కొట్టులో తీసుకున్నవి. ఆ కొట్టు పెద్దాయన గాజు మూతకున్న కడ్డీతో ఒక్క చుక్క చేతికి అంటించి, "రుద్దొద్దమ్మా. సాయంత్రం దాకా చూసి అప్పుడు చెప్పు" అన్నాడు. ఏది గంధం నూనెలో దించినదో, ఏది చవక పారఫిన్ నూనెలో కలిపినదో అడగకముందే చెప్పాడు. కాగితం ముక్క మీద సెంటు కొట్టి ముక్కు దగ్గర ఆడించి, పది నిమిషాల్లో బిల్లు వేసే మాల్ కౌంటర్ల దగ్గర నాకు ఇబ్బందిగా ఉండేది ఇందుకే. పది నిమిషాల్లో తెలిసేది ముఖం ఒక్కటే. నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనలు ముందు ఎగిరిపోతాయి. ఆ తర్వాత పూలు బయటపడతాయి. చెక్క, బంక, కస్తూరి లాంటి బరువైనవి సాయంత్రానికి గానీ నోరు విప్పవు. పొద్దున చూసిన మనిషిని సాయంత్రం కూడా చూడకుండా ఎలాంటిదో ఎలా చెప్తాం?

మొగలి సంగతి ముందు రాయాలి, ఎందుకంటే ఆవిడ ఆగదు. గుమ్మంలోకి రాకముందే వీధి చివర గొంతు వినిపించే మేనత్త ఈవిడ. ముదురు ఆకుపచ్చ పట్టుచీర, చేతినిండా గాజులు, వస్తూనే "ఏమే, ఇంత చిక్కిపోయావేంటే?" అని గడ్డం పట్టుకుంటుంది. మొదటి అరగంట ఆ ఘాటు ముక్కులోంచి నేరుగా తలకెక్కింది. తియ్యదనం ఉంది, దాని వెనకే పచ్చి ఆకు కోసినట్టు పదునూ ఉంది.

మాది ఇచ్ఛాపురం వైపు. సరిహద్దు దాటితే ఒడిశాలో గంజాం జిల్లా, అది మొగలికి పుట్టిల్లు. వానాకాలంలో అక్కడి బట్టీల్లో మొగలిపూలు కాచి అత్తరు తీస్తారు. వాసనంతా మగ చెట్టు పూలదే, ఆడ చెట్టుకు అనాస పండులాంటి కాయ వస్తుంది. పూత పైనున్న ఆకు అంచు నిండా రంపం పళ్ళలా ముళ్ళు. అది జాగ్రత్తగా వలిస్తే లోపల లేత పసుపు రేకులు ఒకదాన్నొకటి హత్తుకుని ఉంటాయి, వాటి మధ్యలోంచి పిండిలాంటి పుప్పొడి వేళ్ళకు అంటుకుంటుంది. మా అమ్మ రెండు రేకులు మడిచి జడలో పెట్టి, మిగతావి పట్టుచీరల మడతల మధ్య దాచేది. ఏడాది తిరిగేసరికి అవి గోధుమరంగుకి మారి పెళుసుగా అయిపోయేవి, వాసన మాత్రం చీరలో ఉండేది.

పదకొండున్నరకి పప్పు కుక్కర్లో పెట్టి మళ్ళీ ఎడమ చెయ్యి చూశాను. పదును తగ్గింది. ఒంటిగంటకి పూర్తిగా వేరే మనిషి. పెళ్ళిపనులన్నీ నడిపించి, అందరి భోజనాలూ అయ్యాక వంటింటి గుమ్మానికి ఆనుకుని కాళ్ళు చాపుకున్న మేనత్త. గాజుల చప్పుడు లేదు. తేనెలాంటి సన్నటి తీపి, దాని కింద గంధం. పొద్దున హడావిడి చేసిన మనిషి ఇంత మెత్తనిదని ఆ మాల్ కౌంటర్ల దగ్గర ఎవరికి తెలుస్తుంది?

అత్తరు ఇలా చెవి దగ్గర మాట్లాడటానికి కారణం దాన్ని చేసే పద్ధతిలోనే ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఇప్పటికీ డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పూలూ నీళ్ళూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. వెదురు గొట్టం గుండా ఆవిరి భప్కా అనే రాగి కుండలోకి దిగుతుంది. అది నీళ్ళ తొట్టిలో చల్లగా కూర్చుని ఉంటుంది, లోపల గంధం నూనె ఉంటుంది. పూల ప్రాణం ఆ నూనెలోకి చేరుతుంది. స్పిరిట్ ఉండదు కాబట్టి గది నిండా ఎగరదు, ఒంటి వేడికి కొద్ది కొద్దిగా లేస్తుంది. కనౌజ్ అత్తరుకు 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గంధం ధర ఆకాశాన్ని అంటాక చాలా కొట్లలో పారఫిన్ వచ్చేసింది, అది తలుచుకుంటే నిజంగా బాధేస్తుంది. అందులో మొదటి పలకరింపు ఉంటుంది, సాయంత్రం ఉండదు.

ఇక కుడి చెయ్యి. వట్టివేరు మాస్టారు. ఉతికి ఆరేసిన తెల్ల పంచె, నూనె రాసి నున్నగా దువ్విన జుట్టు, లెక్కలు చెప్పే మాస్టారు. తప్పు చేసినా కేకలు వేయరు, పలక తీసుకుని మళ్ళీ మొదటి నుంచి వేసి చూపిస్తారు. మూత తీయగానే పచ్చి మట్టి, కాస్త చేదు, నీళ్ళల్లో నానిన వేరు. ఎండలు మండిపోతున్న ఈ రోజుల్లో ఊళ్ళో చెమట పట్టని మనిషి ఈయనొక్కరే అనిపించింది. అసలు వట్టివేరు రూహ్‌కి, అంటే ఏ నూనే కలపకుండా దించిన వేరు సారానికి, చూడగానే తెలిసే ఆకుపచ్చ రంగు ఉంటుంది, అది వేరు రంగు కాదు, రాగి పాత్రలో కాయడం వల్ల వచ్చేది. నేను మెచ్చుకునేది ఈయన నిలకడ. పొద్దున ఎలా ఉన్నారో మూడు గంటలకీ అలాగే ఉన్నారు. తాటాకు పందిరి కింద కుండలో వట్టివేళ్ళు వేసిన నీళ్ళు తాగినవాళ్ళకి ఈ నిలకడ గొంతులోనే గుర్తుంటుంది.

మధ్యాహ్నం పడుకునే ముందు బీరువా సర్దుతుంటే ఖాళీ నీలం సీసా దొరికింది. పెద్దమ్మది. ఈవినింగ్ ఇన్ పారిస్ అనే సెంటు. అడుగున ఇంకా ఏదో పౌడరు వాసన మిగిలి ఉంది. పెద్దమ్మ ఎప్పుడూ ఒంటికి కొట్టుకునేది కాదు, పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు చేతిరుమాలు మూలన రెండు చుక్కలు వేసి బొడ్లో దోపుకునేది. దీన్ని 1928లో తయారుచేసిన ఎర్నెస్ట్ బో అనే ఆయనే 1921లో షనెల్ నంబర్ 5 కూడా చేశాడు. ఆ సంగతి తెలిశాక నాకు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. నంబర్ 5 ఆఫీసులో ఒకావిడ వాడుతుంది. ఆ సెంటులో నాకు కనిపించేది గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర, ఖరీదైన సబ్బు, చేతులు జోడించి నమస్కారం పెట్టి అక్కడే ఆగిపోయే మనిషి. మర్యాదకి లోటు లేదు, దగ్గరికి మాత్రం రానివ్వదు. ఆల్డిహైడ్లు అనే రసాయనాలు ఆ మెరుపు తెస్తాయట. నీలం సీసాలో మనిషి అలా కాదు. వయొలెట్ పూలు, పౌడరు, ఎవరి పెళ్ళయినా తనదే అన్నంత సంబరం. ఒకే చేతిలోంచి ఇద్దరూ వచ్చారు. నాకు పెద్దమ్మే ఇష్టం, అందులో సందేహం లేదు.

గులాబీ గురించి ఎక్కువ రాయను. అందరూ ప్రేమ అంటారు గానీ, మంచి గులాబీ అత్తరులో మిరియం ఘాటు, తేనె ఉంటాయి. నాకు కనిపించేది కోర్టులో తడబడకుండా మాట్లాడే నడివయసు లాయరమ్మ.

ఒక్క మట్టి అత్తరుకి మాత్రం ఎవరూ రారు. ఎన్నిసార్లు మూత తీసినా తొలకరి జల్లు పడ్డ ఖాళీ పెరడే కనిపిస్తుంది. కాల్చిన మట్టి బిళ్ళల్ని పూలకి బదులు డేగ్‌లో వేసి దించుతారు. ఆస్ట్రేలియాలో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రవేత్తలు 1964లో నేచర్ పత్రికలో ఈ వాసన గురించి రాసి పెట్రికోర్ అని పేరు పెట్టారు. కనౌజ్ వాళ్ళు అప్పటికే దాన్ని సీసాల్లో పోసి అమ్ముతున్నారు. మనిషి లేని వాసనని నేను ప్రేమించడం ఇదొక్కటే. ఆ పెరట్లోకి ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూడటం కూడా మానేశాను, ఖాళీగానే బాగుంది.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి మొగలి సంగతి చెప్పాను.

"ఇప్పుడెక్కడ దొరికిందే? వానలే పడలేదు కదా."

"పువ్వు కాదమ్మా, అత్తరు."

"అత్తరుదేముందే. పొద దగ్గరికి వెళ్తే పాములుంటాయని మీ నాన్న అరుస్తుంటే, నేను కర్రతో కొట్టి మరీ తెచ్చేదాన్ని" అని చాలాసేపు చెప్పింది. అత్తయ్య పెళ్ళికి జడ నిండా మొగలిరేకులే కుట్టారట, మండపం చివర కూర్చున్నవాళ్ళకి కూడా వాసన వచ్చిందట. ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. మా అసలు మేనత్తకీ మొగలికీ సంబంధం ఉందని తెలియకుండానే నేను పొద్దున్నుంచీ ఎడమ చేతిలో మేనత్తని చూస్తున్నాను.

కొట్టు పెద్దాయన ఇచ్చిన మూడో శాంపిల్ సీసా ఇంకా తెరవలేదు. షమామా. రాతిపువ్వు, జాజికాయ, జాపత్రి, ఇంకా ఎన్నో దినుసులు వేసి కాచేది, ఒంటికి వేడి చేస్తుందంటారు. కొట్లో చిన్నగా మూత తీసి చూసినప్పుడు శాలువా కప్పుకుని, కళ్ళజోడు పైకి తోసుకుంటూ ఒక పెద్దావిడ కనిపించింది. ఆవిడతో తీరిగ్గా కూర్చోవాలి. ఈ ఎండల్లో కుదరదు, డిసెంబరులో చూస్తాను.