బాతుపిల్లల వెంట బోస్టన్‌లో

బోస్టన్ పబ్లిక్ గార్డెన్‌కు వచ్చినవాళ్లలో చాలామంది కంచు బాతుల పక్కన ఫొటో దిగి వెళ్లిపోతారు. రాబర్ట్ మెక్లాస్కీ 1941లో తెచ్చిన బొమ్మల కథల పుస్తకం ‘మేక్ వే ఫర్ డక్లింగ్స్’ ఇంట్లో చదువుకునే పిల్లలకు అది చాలదు. తల్లి బాతు ఎనిమిది పిల్లలను వెంటేసుకుని నది నుంచి తోట దాకా నడవడమే కదా కథ! అందుకే మేము చార్లెస్ నది నుంచే బయల్దేరాం.

రెడ్ లైన్ రైల్లో చార్లెస్/ఎంజీహెచ్ స్టేషన్‌లో దిగాలి. నది ఒడ్డుకు వెళ్లి రావడానికి అక్కడే 2018లో తెరిచిన ఫ్రాన్సిస్ ఆపిల్టన్ కాలినడక వంతెన ఉంది. పుస్తకంలో పోలీసు మైకేల్ చేయెత్తి కార్లు ఆపిన చోటు కోసం వెతకొద్దు. ఒడ్డు వెంట ఇప్పుడున్న స్టోరో డ్రైవ్ రోడ్డు పుస్తకం వచ్చిన పదేళ్లకు వేసింది, దాన్ని నడిచి దాటే వీల్లేదు. వంతెన మీద నుంచే రావాలి.

తర్వాత చార్లెస్ స్ట్రీట్. తోట దాకా కిలోమీటరు లోపే, కానీ ఇటుక కాలిబాట ఎగుడుదిగుడు. చిన్న చక్రాల స్ట్రోలర్ మాటిమాటికీ ఇరుక్కుంటుంది, పెద్ద చక్రాలది మేలు. మౌంట్ వెర్నన్ స్ట్రీట్ మూల రాగానే పుస్తకం తెరవాలి. బాతులు చార్లెస్ స్ట్రీట్‌కు తిరిగింది అక్కడే. మొదటి పేజీల్లో పైనుంచి కనిపించే లూయిస్‌బర్గ్ స్క్వేర్ చూడాలంటే ఎడమకు ఎక్కాలి. బాగా ఏటవాలు. స్ట్రోలర్‌తోనో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతోనో అయితే వదిలేయండి. ఆ పేజీలు ఎగిరే బాతు చూపుతో గీసినవి, నడక పేజీలు నేలమట్టం నుంచి గీసినవి. పిల్లల ఎత్తుకు వంగి చూస్తేనే కారు చక్రాలు అంత పెద్దవిగా ఎందుకున్నాయో తెలుస్తుంది.

బీకన్ స్ట్రీట్ దాటి మూల గేటులోంచి తోటలోకి వెళ్తే విగ్రహాలు. శిల్పి నాన్సీ షోన్, 1987. ముందు తల్లి, వెనక జాక్ నుంచి క్వాక్ దాకా ఎనిమిది. ఇంగ్లిష్ అక్షరమాలలో జె నుంచి క్యూ వరకు వరుసగా పేర్లు, కాబట్టి లెక్క తప్పదు. తండ్రి బాతు కనిపించదు, వెతక్కండి. కథలో అది నది చూసి వస్తానని ముందే వెళ్లిపోతుంది. కథలోవి మాలార్డ్ జాతి బాతులు, నిజం మాలార్డ్ మగ బాతులూ ఆడది గుడ్లు పొదుగుతుండగానే వెళ్లిపోతాయి. కథలో తండ్రి బాతు తోటలో ఎదురుచూడటం మాత్రం మెక్లాస్కీ చూపిన దయ. ఎండాకాలం మధ్యాహ్నం కంచు చురుక్కుమంటుంది. పొట్టి నిక్కర్లలో పిల్లలను ఎక్కించేముందు చేత్తో తాకి చూడండి.

తోట చెరువులో తిరిగే స్వాన్ బోట్లు (హంస పడవలు) 1877 నుంచి ఒకే కుటుంబం నడుపుతోంది. ఏప్రిల్ మధ్య నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకానే ఉంటాయి, వానొచ్చినా గాలి ఎక్కువైనా ఆపేస్తారు. హంస బొమ్మలో కూర్చున్న మనిషి కాళ్లతో తొక్కుతాడు, పావుగంట షికారు. పుస్తకంలో పడవలోంచి వేరుశనగలు విసురుతారు గానీ మీరు బ్రెడ్డు ముక్కలు వేయొద్దు. బాతులకు కడుపు నిండుతుందే తప్ప బలం రాదు.

మే రెండో ఆదివారం మదర్స్ డేకు పిల్లలు బాతుపిల్లల వేషాల్లో ఊరేగుతారు. చూడటానికి సరదానే. విగ్రహాలతో తీరిగ్గా ఫొటో కావాలంటే మాత్రం ఆ రోజు వదిలేసి, ఇంకో రోజు పొద్దున్నే రండి.