రసీదులో పలకని 'పి'

బుచ్చిరెడ్డిపాళెంలో మాకు ఎరువుల కొట్టుంది. పోయిన పంటకి ముందు కొత్త రసీదు పుస్తకాలు ఇరవై అచ్చేయించాను. ప్రెస్సాయన ప్రూఫ్ వాట్సాప్‌లో పంపి ఒకసారి చూసుకోమంటే, ఆ టైమ్‌కి యూరియా కోసం జనం మీద పడుతుండారు, సరిగ్గా చూడకుండానే ఓకే అని పెట్టేశా. పది రోజులు రాసిచ్చాక, వాళ్ళ తాతతో పాటు వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లోడు చీటీ తిప్పి చూసి, "అన్నా, రిసీట్ స్పెల్లింగ్ తప్పు, సి తర్వాత ఇ ముందు రావాల, మీరు ఐ ముందు పెట్టినారు" అన్నాడు. ప్రెస్సాయన్ని అనే వీల్లేదు, కాగితం మీద అట్ట రాసిచ్చింది నేనే.

వాడు అంతటితో వదల్లా. "మరి పలకని పి ఎందుకన్నా దాంట్లో?"

తెలీదని చెప్పాను గానీ ఆ రాత్రి కూర్చుని చదివాను. ఆ పి మొదట్లో లేనే లేదంట. ఫ్రెంచి వాళ్ళ నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఆ మాటని పి లేకుండానే రాసేవాళ్ళు, పలికేది కూడా అట్టే. దాని మూలం లాటిన్‌లో 'రెకెప్టా', తీసుకున్నది అని అర్థం, అందులో పి ఉంది కాబట్టి ఆ చుట్టరికం కనపడాలని తర్వాత చదువుకున్నోళ్ళు పి తెచ్చి ఇరికించారు. జనం మాత్రం పలకడం మార్చుకోలేదు. డెట్‌లో బి కూడా ఇదే బాపతు, లాటిన్ 'డెబిటుమ్' కోసం పెట్టింది. అంటే మా కొట్లో రోజూ నడిచే రెండు మాటలు, అప్పు, రసీదు, రెండిట్లోనూ ఒక్కో దండగ అక్షరం! పోనీ పద్ధతిగా చేశారా అంటే అదీ లేదు, అదే వేరు నుంచి వచ్చిన డిసీట్‌కి, అంటే మోసానికి, ఇప్పుడు పి లేదు.

ఇంకో సంగతి, రిసీట్‌కి మొదట్లో మందు తయారుచేసే పద్ధతి అనే అర్థం కూడా ఉండేది, డబ్బు ముట్టినట్టు రాసిచ్చే కాగితం అనే అర్థం 1600 ప్రాంతంలో వచ్చింది. వంటల రెసిపీ దీనికి చుట్టమే. లాటిన్‌లో 'తీసుకో' అని దానర్థం. డాక్టర్లు మందుల చీటీ మీద ఆర్‌కి అడ్డగీత కొట్టి రాస్తారే, అది ఈ మాటకి గుర్తే.

నాకు బాగా ఆశ్చర్యం వేసింది మన రసీదు గురించి. రిసీట్ నోరు తిరక్క మనవాళ్ళు రసీదు చేసుకున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నా. కాదు, అది పారశీకం, 'రసీద్' అంటే 'చేరింది' అని. రెండిటికీ సంబంధమే లేదు, వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయంతే. ఇంగ్లీషు మాట తీసుకున్నోడి వైపు నుంచి చెప్తుంది, పారశీకం మాట సొమ్ము వైపు నుంచి. మనం 'ముట్టింది' అంటాం చూడండి, అదీ సొమ్ము వైపే.

మర్నాడు వాళ్ళ తాత మందు డబ్బాలకి వస్తే ఇదంతా చెప్పబోయాను. ఆయన చీటీ దూరంగా పట్టుకుని అంకె చూసుకుని, "స్పెల్లింగ్‌దేముంది లేబ్బా, పోయినసారి ఇచ్చిన రెండు వేలు చెల్లు రాసినావా లేదా?" అన్నాడు.

రాయలేదు. అప్పుడు రాశాను. ఇంకా పదహారు పుస్తకాలు మిగిలున్నాయి, ఐని ఇగా, ఇని ఐగా పెన్నుతో దిద్ది ఇస్తున్నా.