మెడ మీద ఎన్ని బస్తాలు

మా ఇంటి ముందు కార్లు నిలిపే సిమెంటు నేల మీద మామయ్యగారు పిల్లల రంగుసుద్దతో ఎడ్లబండి బొమ్మ గీసి రెండేళ్ళు కావస్తోంది. ఆ గీతలు మొదటి వానకే పోయాయి. పెద్ద ట్రెయిలర్ లాగడానికి ఏ ట్రక్కు కొనాలని ఎవరైనా అడిగితే మాత్రం నేను ఇప్పటికీ ఆ బొమ్మ దగ్గరే మొదలుపెడతాను.

మేముండేది టెక్సస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. అత్తయ్య, మామయ్య తెనాలి దగ్గరి పల్లె నుంచి వస్తే ఆరు నెలలు ఉంటారు. అంతకుముందు వచ్చినప్పుడు వాళ్ళను కొలరాడో తీసుకెళ్ళాం. నాలుగు రోజులూ అత్తయ్య హోటల్ గదిలో పెరుగన్నంతోనే సరిపెట్టుకున్నారు. మామయ్యకు షుగరు. మాటిమాటికీ బండి ఆపమనడానికి మొహమాటపడి దారంతా నీళ్ళు తాగడం మానేశారు. ఆ సంగతి ఇంటికి వచ్చాక అత్తయ్య చెబితే తెలిసింది. నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఈసారి వంటిల్లు, బాత్రూమ్, వాళ్ళ మంచం అన్నీ మనతోపాటే రావాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

అలా ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ మాట వచ్చింది, అంటే ట్రక్కు లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. మామూలు ట్రెయిలర్‌ను వాహనం వెనక బంతికి తగిలిస్తారు. ఇది అలా కాదు. ట్రెయిలర్ ముందు భాగం ట్రక్కు తొట్టి మీదికి వస్తుంది. దాని కింద ఉండే లావుపాటి ఇనప చీల, కింగ్‌పిన్, తొట్టిలో బిగించిన హిచ్‌లో కూర్చుంటుంది. బరువు ట్రక్కు వెనక ఇరుసు మీద పడుతుంది కాబట్టి ఇంత పొడవు బండి కూడా గాలికి అంతగా ఊగదు. మేం చూసుకున్న ట్రెయిలర్‌కు సామానుతో కలిపి గరిష్ఠ బరువు 14,000 పౌండ్లు, అంటే దాదాపు 6,350 కిలోలు. ముందు గదికి మెట్లున్నాయి, అది మాకు. వెనక గది మెట్లు లేకుండా ఉంది, అది అత్తయ్యవాళ్ళకు.

మా స్నేహితుల ఇళ్ళలో ట్రక్కున్న ఇల్లు ఒక్కటి లేదు. మా పెద్దాడి స్కూలు స్నేహితుల ఇళ్ళలో ట్రక్కు లేని ఇల్లు తక్కువ. "మనవాళ్ళు ట్రక్కు ఎందుకు కొనరమ్మా? మనం ఇక్కడివాళ్ళం కాదా?" అని వాడు పన్నెండేళ్ళప్పుడు అడిగాడు. వాడికి ఏం చెప్పాలో అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు వాడికి 14. ట్రక్కు కొంటున్నామంటే రాత్రింబవళ్ళు వీడియోలు చూసి, ఏ ఇంజిన్‌కు ఎంత టార్క్ ఉందో అప్పజెప్పేవాడు. తాతయ్యతో మాత్రం "బాగున్నారా, తిన్నారా" దాటి మాట సాగేది కాదు. వాడికి తెలుగు అర్థమవుతుంది, కానీ మాట్లాడటానికి పదాలు అందవు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. ఒకే సోఫాలో కూర్చుని ఇద్దరూ టీవీ చూస్తూ ఉండిపోయేవాళ్ళు.

మొదటి శనివారం అందరం షోరూమ్‌కు వెళ్ళాం. అక్కడి సేల్స్‌మన్ ముప్పావు టన్ను తరగతి (అది తరగతి పేరే, మోసే బరువు కాదు) డీజిల్ ట్రక్కు చూపించి, ఇది 18,000 పౌండ్లు లాగుతుంది, మీ ట్రెయిలర్ దీనికి ఓ లెక్క కాదన్నాడు. పెద్దాడి మొహం వెలిగిపోయింది. మామయ్య ట్రక్కు చుట్టూ తిరిగి, వంగి వెనక ఇరుసు చూసి, నన్ను పిలిచారు. "అమ్మాయ్, లాగేది సరే. వీపు మీద ఎంత మోస్తుందో అడుగు." అడిగాను. సేల్స్‌మన్ మళ్ళీ ఆ 18,000 అంకే చెప్పాడు.

ఆ సాయంత్రమే ఆ బొమ్మ. రెండు చక్రాలు, ఇరుసు, నొగలు, కాడి, రెండు ఎద్దులు. మామయ్య గొంతుక్కూర్చుని పెద్దాడికి నిదానంగా చెప్పారు. "బండిలో ముందువైపు ఎక్కువ బస్తాలు వేశావనుకో, బరువంతా ఎద్దుల మెడ మీద పడుతుంది, మెడ పుండు పడుతుంది. వెనక్కి ఎక్కువ వేస్తే కాడి పైకి లేచి ఎద్దు గొంతు పట్టేస్తుంది. ఎద్దు లాగే బరువు వేరు నాయనా, మెడ మోసే బరువు వేరు." వాడు ఇంగ్లిష్‌లో గొణుక్కుంటూ ఒక్క నిమిషం నిలబడ్డాడు. తరవాత లోపలికి పరిగెత్తి ఫోన్ తెచ్చాడు. తాతయ్య చెప్పిన మెడ బరువుకు ఇక్కడ పిన్ వెయిట్ అని పేరు. ఫిఫ్త్ వీల్‌లో అది మొత్తం ట్రెయిలర్ బరువులో సుమారు 15 నుంచి 25 శాతం ఉంటుంది. 20 శాతం వేసుకుంటే మాకు 2,800 పౌండ్లు.

"తాతయ్యా, బస్తా ఎన్ని కిలోలు?" అన్నాడు. మా వైపు వడ్ల బస్తా 75 కిలోలు. వాడు లెక్క వేసి సుద్దతోనే నేల మీద రాశాడు: మెడ మీద 17 బస్తాలు. తరవాత మనుషుల లెక్క. ఆరుగురం కలిసి 780 పౌండ్లు, హిచ్ 180, తొట్టిలో సామాను 200. అన్నీ కలిపితే 3,960. ఆ షోరూమ్‌లో డ్రైవర్ తలుపు పక్కనున్న పసుపు స్టిక్కర్‌ను నేను ఫొటో తీసుకున్నాను. మనుషులు, సామాను కలిపి మించకూడని బరువు అని దాని మీద ఉన్నది 2,240 పౌండ్లే. డీజిల్ ఇంజినే చాలా బరువు కదా, ఆ తరగతిలో అది మోసే లెక్కను చాలావరకు తినేస్తుంది. సన్‌రూఫ్, తోలు సీట్లు లాంటి హంగులు పెరిగేకొద్దీ కూడా మోసే బరువు తగ్గుతుంది. లాగే అంకె పెద్దక్షరాల్లో ప్రకటనల్లో ఉంటుంది. మోసే అంకె తలుపు తెరిస్తే కానీ కనపడదు. కొనబోయే ప్రతి ట్రక్కుకూ ముందు ఆ తలుపు తెరవండి. ఈ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అంతకంటే చిన్నవైన సగం టన్ను తరగతి ట్రక్కుల మాట ఇక ఎత్తలేదు. ఒక టన్ను తరగతిలో వెనక రెండే టైర్లున్నవి చూశాం, మోసే బరువు 4,000 దగ్గర ఆగింది. అంచుదాకా నిండిన బిందెతో పిల్లలనూ పెద్దవాళ్ళనూ ఎక్కించుకుని కొండదారి ఎక్కడం నాకు ఇష్టం లేదు. చివరికి వెనక నాలుగు టైర్లుండే డ్యూయల్లీ, డీజిల్, ఎనిమిది అడుగుల పొడవు తొట్టి ఉన్నది పాతది తీసుకున్నాం. పొట్టి తొట్టి అయితే బాగా మలుపు తిప్పినప్పుడు ట్రెయిలర్ మూల వెళ్ళి క్యాబిన్ అద్దానికి తగిలే ప్రమాదం ఉంది. మేం ఆరుగురం కాబట్టి ముందు కూడా ముగ్గురు కూర్చునే బెంచీ సీటు కావాలి. ఖరీదైన మోడళ్ళలో మధ్యలో కన్సోల్ పెట్టేస్తారు, అందుకని సాదా మోడలే వెతకాల్సి వచ్చింది. డీజిల్ ఎందుకంటే, కొలరాడో వెళ్ళే దారిలో రేటన్ కనుమ 7,834 అడుగుల ఎత్తు. టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేని పెట్రోల్ ఇంజిన్‌కు పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి బలం తగ్గుతుంది. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచుతుంది కాబట్టి టైర్ల దగ్గరి బ్రేకులు కాలిపోవు. ట్రెయిలర్ చక్రాలకు ఉండే కరెంటు బ్రేకులు, వాటిని నడిపే కంట్రోలర్ సరేసరి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. మా ట్రక్కు గరిష్ఠ బరువు 14,000, ట్రెయిలర్‌ది 14,000. రెండూ కలిపి 26,000 పౌండ్లు దాటితే, ఇంత బరువు ట్రెయిలర్‌కు టెక్సస్‌లో మామూలు లైసెన్సు చాలదు, క్లాస్ ఎ తీసుకోవాలి. వ్యాపారానికి కాని క్లాస్ ఎ కూడా ఉంది. మా ఇంట్లో ఆ పరీక్షకు కూర్చున్నది నేనే. నెల రోజులు ప్రతి ఆదివారం ఖాళీ పార్కింగ్ స్థలంలో రివర్స్ నేర్చుకున్నాను. పెద్దాడు వెనక నిలబడి చేతులతో చూపించేవాడు, మామయ్య వాడి పక్కన కుర్చీ వేసుకునేవారు. రెండో వారానికే వాడి నోట "అమ్మా, ఎడమ ఇరుసు గీత దాటింది" అని వచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఆదివారం తెలుగు పాఠాలు చెప్పించినా వాడు తనంతట తాను పూర్తి తెలుగు వాక్యం చెప్పగా నేను విన్నది తక్కువ. స్టీరింగ్ పట్టుకునే ఏడ్చాను.

మొదటి ప్రయాణం టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ లోయకు. తెల్లవారుజామున ముందు ట్రెయిలర్ లేకుండా ఆరుగురం ట్రక్కులో వెళ్ళి, లారీలు ఆగే చోట ఉన్న తూకం మీద నిలబడ్డాం: 9,580. తిరిగి వచ్చి ట్రెయిలర్ తగిలించి మళ్ళీ తూచాం. కాగితం మీద ముందు ఇరుసు 4,900, వెనక ఇరుసు 7,330, ట్రెయిలర్ ఇరుసులు 10,250. పెద్దాడు ఆ కాగితం మోకాలి మీద పెట్టుకుని, మొదటి రెండూ కూడి, అందులోంచి 9,580 తీసేశాడు. 2,650. ఫోన్‌లో కిలోలు చేసి 75తో భాగించాడు.

"తాతయ్యా, మెడ మీద 16 బస్తాలు."

"మోస్తుందా?"

"ఇంకా 10 బస్తాలైనా మోస్తుంది."

మామయ్య దిగి, ఒక్కో టైరునూ అరచేత్తో నొక్కి చూసుకుంటూ బండి చుట్టూ తిరిగొచ్చారు. అత్తయ్య ట్రెయిలర్‌లోంచి తెచ్చిన ఫ్లాస్కు, ఇడ్లీ డబ్బా ఒళ్ళో పెట్టుకున్నారు. మామయ్య నీళ్ళ సీసా మూత తీసి సగం తాగి, తలుపు వేసుకున్నారు.

"ఇంక బండి కట్టమ్మా," అన్నారు.