సీలింగ్ కోసే ముందు పైన ఏముందో తెలుసుకోవాలి
మా బేస్‌మెంట్ సీలింగ్ ఎత్తు తక్కువ. మధ్యలో వేలాడే లైటు ఒక్కటే ఉండేది, మూలలన్నీ చీకటి. దాన్ని తీసేసి సీలింగ్‌లోకి అమరిపోయే లైట్లు పెట్టాం. అప్పటికే డ్రైవాల్ (జిప్సం పలకలు) బిగించి రంగులు కూడా వేసేసిన గది కాబట్టి పైన ఏముందో కంటికి కనపడదు. ఈ పనిలో అసలు కష్టం అదే.

పాత రకం లైట్లకు పైన పెద్ద డబ్బా ఉంటుంది. బేస్‌మెంట్లో ఆ చోటంతా డక్టులు (గాలి పోయే రేకు గొట్టాలు), పైపులు ముందే ఆక్రమించేసి ఉంటాయి. అందుకే వేఫర్ లైట్లు తీసుకున్నాను. మందం దాదాపు అర అంగుళం, కరెంటుని ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే డ్రైవరూ, వైర్ల కనెక్షన్లూ పక్కన చిన్న డబ్బాలో విడిగా ఉంటాయి. స్ప్రింగు క్లిప్పులు డ్రైవాల్‌నే పట్టుకుంటాయి. ఇన్సులేషన్ తగిలినా ప్రమాదం లేదని చెప్పే ‘ఐసీ’ రేటింగ్ ఉన్నవే కొనండి, ఇందులో రాజీ పడొద్దు.

సీలింగ్ ఎత్తులో సగం దూరానికో లైటు, గోడకి అందులో సగం దూరం అని ఒక మోటు లెక్క ఉంది. ఎనిమిది అడుగుల ఎత్తుంటే నాలుగడుగులకో లైటు, గోడ నుంచి రెండడుగులు. మొదలుపెట్టడానికి ఇది చాలు. కానీ గదిలో ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది ఈ లెక్కకి తెలియదు. కాగితాలు గుండ్రంగా కత్తిరించి సీలింగ్‌కి టేపుతో అంటించి, కొన్నాళ్లు అలాగే వదిలేశాను. టీవీ తెర మీద మెరుపు పడేలా ఉన్నదాన్ని పక్కకి జరిపాను. సోఫాలో చదువుకునేవాళ్ల నెత్తిమీదకి వచ్చినదాన్ని కాస్త ముందుకి తెచ్చాను, లేకపోతే తల నీడ పుస్తకం మీదే పడుతుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పని. బ్రేకర్ ఆపేసి, టెస్టర్‌తో చూసి, ప్రతి గుర్తు మధ్యలో సన్నటి బొక్క ఒకటి పెట్టాలి. బిట్ డ్రైవాల్ దాటగానే ఆపేయాలి, ఇంకా లోతుకి పోనివ్వకూడదు. గట్టి తీగని ఎల్ ఆకారంలో వంచి, వంచిన కొస లైటు వ్యాసంలో సగానికి కాస్త ఎక్కువ ఉండేలా చూసుకుని, లోపలికి దూర్చి మెల్లగా చుట్టూ తిప్పాలి. అడ్డు లేకుండా పూర్తిగా తిరిగితే అక్కడ కోయొచ్చు. చెక్క తగిలితే టక్కున ఆగిపోతుంది. డక్టు తగిలితే రేకు చప్పుడు వినపడుతుంది. మెత్తగా అడ్డం పడితే వైరో గొట్టమో అనుకుని ఇంకోచోట చూడటమే మంచిది. ఆ సన్న బొక్క పుట్టీతో పూడిపోతుంది, ఆరంగుళాల బొక్క అలా పూడదు. ఒక లైటుని జరపాల్సి వస్తే ఆ వరస మొత్తాన్ని జరపండి. ఒక్కటి వంకరగా ఉన్నా కన్ను దానిమీదకే పోతుంది.

వరసలు జాయిస్టుల (సీలింగ్ పైనుండే చెక్క దూలాల) వెంటే వెళ్లేలా వేసుకుంటే వైరు లాగడం తేలిక. అడ్డంగా పోవాలంటే జాయిస్టుకి బొక్క పెట్టాలి. అది చెక్క ఎత్తుకి మధ్యలోనే ఉండాలి, పై అంచుకో కింది అంచుకో దగ్గరగా పెడితే దూలం బలం తగ్గుతుంది. మేం ఒకే ఒక్కచోట అడ్డంగా దాటి, మిగతాదంతా జాయిస్టుల వెంటే నడిపించాం. మెయిన్ కనెక్షన్ మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాను. పర్మిట్ కావాలా అన్నది కూడా ముందే కనుక్కోండి.

హోల్ సా (గుండ్రంగా బొక్క కోసే రంపం) వాడేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, ఆ దుమ్ము తిన్నగా మొహం మీదే పడుతుంది.

వెలుతురు తగ్గించి పెంచే డిమ్మర్ స్విచ్ ఎల్‌ఈడీకి సరిపడేది పెట్టండి. పాత డిమ్మరైతే వెలుతురు తగ్గించగానే లైట్లు వణకొచ్చు, సన్నగా రొద కూడా రావొచ్చు. చాలా వేఫర్ లైట్లకి డబ్బా మీద రంగు మార్చే చిన్న స్విచ్ ఉంటుంది. పైకి నెట్టేముందే అన్నీ ఒకే అంకె మీద ఉన్నాయో లేదో చూసుకోండి. మేం 3000 కెల్విన్‌కే పెట్టుకున్నాం, అంటే కాస్త పసుపు వెలుతురు. 5000 పెట్టి చూస్తే తెల్లటి వెలుతురుకి గది ఆఫీసులా అనిపించింది, ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.