అంగుళం వాలు

పదకొండున్నర దాటింది. మూడుసార్లు సబ్బు రాసినా చేతులకు ఇంజన్ ఆయిల్ వాసన పోలేదు. ఇంటావిడ ముక్కు మూసుకుని అటు తిరిగి పడుకుంది. నాకు మాత్రం నిద్ర రావడం లేదు.

జిప్సీకి టర్బో, అంటే సైలెన్సర్‌కు పోయే పొగ ఊపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే చక్రం, బిగించడం మొత్తానికి పూర్తయింది. (బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను గుర్తుచేయకండి. ఈ బండి తోట గేటు దాటదు.) మొదటిసారి అది ఈల వేసినప్పుడు వాకిట్లో నేనొక్కడినే చప్పట్లు కొట్టుకున్నాను. ఆ ముచ్చట అంతటితో సరి. ఇంజన్ ఆపకుండా రెండు నిమిషాలు అలా ఉంచేసరికి సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది, జామచెట్టు కనిపించనంతగా.

బావమరిది టీ తాగుతూ, కనీసం వంగి చూడకుండానే తీర్పు చెప్పేశాడు. "సీలు పోయింది బావా. పాత సామాను కొంటే ఇంతే. కొత్త టర్బో వేయించు."

నాకు ఒళ్లు మండింది. అతను అనుకుంటున్న రబ్బరు సీలు అసలు అందులో ఉండదు. షాఫ్టుకు అటూ ఇటూ పిస్టన్ రింగుల్లాంటి సన్నటి రింగులు ఉంటాయి. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగేదాన్ని రబ్బరు ఎక్కడ పట్టి ఉంచగలదు? నూనె పంపు ఒత్తిడితో బేరింగుల దాకా వస్తుంది, ఆ ఒత్తిడి అక్కడితో సరి. అక్కడి నుంచి ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టిలోకి, అదే చాంబర్‌లోకి, తన బరువుతో తానే జారాలి. పైగా అప్పటికి గాలి కలిసి, చిలికిన మజ్జిగ మీది నురగలా ఉంటుంది. అందుకే తెచ్చే పైపు చిటికెన వేలికన్నా సన్నగా ఉన్నా చాలు గానీ, తీసుకుపోయే పైపు బొటనవేలంత ఉండాలి. దారిలో ఎక్కడా పైకి లేవకూడదు. చాంబర్‌లో నూనె మట్టానికి పైనే కలవాలి. ఏ ఒక్కటి తప్పినా నూనె వెనక్కి నిండి, ఆ రింగులు దాటి, సైలెన్సర్‌లో పడి కాలుతుంది. ఇదంతా ఓపికగా చెప్పాను. "అలాగా" అని ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు. మూడు రోజులుగా ఆ "అలాగా" నా చెవిలోనే ఉంది.

ఈ సాయంత్రం టార్చి పట్టుకుని బండి కింద పడుకున్నాను. నూనె తీసుకుపోయే హోస్ పైపు ఇంజన్ మౌంటింగును తప్పించుకుంటూ బాగా కిందికి దిగి, చాంబర్ నిపుల్ (హోసు తొడిగే పొట్టి గొట్టం) దగ్గర మళ్లీ ఒక అంగుళం పైకి లేచింది. ఆ వంపు పెట్టింది నేనే.

వెల్లకిలా పడుకుని దాన్నే చూస్తుంటే మా ఊరి ఇంటి స్నానాలగది గుర్తొచ్చింది. 1986లో నాన్న దగ్గరుండి కట్టించారు. తూము ఒక మూల, వాలు ఇంకో మూలకు. ఎవరు స్నానం చేసినా నీళ్లన్నీ గడప దగ్గరకు వచ్చి నిలిచేవి. అమ్మ కొబ్బరిపుల్లల చీపురుతో తూము వైపు తోసేది, రోజుకు ఆరేడుసార్లు. నాన్న మేస్త్రిని తిట్టేవారు. పాపం అతను మా వీధి మానేసి చెరువుగట్టు చుట్టూ తిరిగి వెళ్లేవాడు. నాన్న పోయాక గానీ అమ్మ అసలు సంగతి చెప్పలేదు. మేస్త్రి తూము సరిగ్గానే పెట్టాడట. పక్కింటి గోడకు చెమ్మ తగులుతుందని, గచ్చు వేయడం అయ్యాక నాన్నే దాన్ని మార్పించారట. తర్వాత మేము గది పగలగొట్టి వాలు సరిచేయించి టైల్స్ వేయించాం. అమ్మ ఇప్పటికీ అటు వెళ్లినప్పుడల్లా చీపురు తీసుకుని, లేని నీళ్లను తోసి వస్తుంది.

భోజనాలయ్యాక వంపు సరిచేద్దామని హోసు ఊడదీశాను. నిపుల్ నుంచి నూనె బుడబుడమని చొక్కా మీద పడింది. అప్పుడు వెలిగింది. వంపు ఒక్కటే కాదు, నిపులే నూనె మట్టానికి కింద ఉంది! వెల్డింగుకు ఇచ్చేముందు చాంబర్‌ను బల్ల మీద బోర్లించి సుద్దముక్కతో గుర్తు పెట్టాను. పైన ఉండాల్సిన అంచును వదిలేసి అడుగు నుంచి కొలిచానన్నమాట.

అంటే తప్పంతా నాదే, టర్బో మంచిదే అని ఇక్కడ ముగిద్దామనుకున్నాను. కానీ లేచేముందు షాఫ్టును వేలితో కదిపాను. పక్కలకు కాస్త ఆట ఉంది. నూనె పొర నిలవడానికి కాస్త ఉండాలి కూడా. నా వేలికి తెలిసింది మాత్రం ఆ కాస్తకన్నా కొంచెం ఎక్కువే అనిపించింది. ఒకవేళ అతను చూడకుండా చెప్పిందే నిజమైతే? లేదు, చీకట్లో వేళ్లకు అన్నీ పెద్దగానే తోస్తాయి.

రేపు ఆదివారం. వెల్డింగు కొట్టు తెరవరు. బావమరిది మాత్రం టీకి వస్తాడు.