నొప్పి దాకా నడిచి, ఆగి, మళ్లీ నడిచి

కాలి ధమనుల్లో పూడిక ఉన్నవారికి నడకే ముఖ్యమైన మందు అని డాక్టరు చెప్పినప్పుడు నాకు వెంటనే నమ్మకం కుదరలేదు. నడిచినప్పుడే కదా కుడి పిక్క పట్టేసి, బిగుసుకుపోయి, అడుగు ముందుకు పడనివ్వడం లేదు! పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి నేను. మధుమేహం చాలా ఏళ్లుగా ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర బయలుదేరితే కుర్సురా జలాంతర్గామి మ్యూజియం చేరేలోపు ఎన్నోసార్లు ఆగవలసి వచ్చేది. కాసేపు నిలబడితే నొప్పి పూర్తిగా పోయేది, మళ్లీ దాదాపు అంతే దూరం నడవగానే తిరిగి వచ్చేది.

మొదట చూపించుకున్న చోట నరాల బలహీనత అన్నారు, బి12 మాత్రలు ఇచ్చారు. మరొకచోట నడుములో డిస్కు జారి ఉంటుందన్నారు. చివరికి ఒక వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల శస్త్రవైద్యుడు) అడిగిన ప్రశ్నతోనే విషయం సగం తేలిపోయింది. "నొప్పి తగ్గాలంటే కూర్చోవలసి వస్తోందా మాస్టారూ, ఊరికే నిలబడితే చాలా?" అని ఆయన అడిగారు. వెన్నులో నరాలు నొక్కుకుపోయినవారికి సాధారణంగా కూర్చుంటేనో, ముందుకు వంగితేనో ఉపశమనం కలుగుతుంది. రక్తం చాలక పిక్క నొప్పి పుట్టేవారికి మాత్రం నడక ఆపి నిలబడితే చాలు, ఎందుకంటే కండరం పని మానగానే దానికి కావలసిన ప్రాణవాయువు తగ్గుతుంది, వస్తున్న కొద్దిపాటి రక్తమే సరిపోతుంది. ఇంత తేలికైన ప్రశ్నను కాళ్ల నొప్పితో వచ్చిన ప్రతి మధుమేహ రోగినీ అడగాలని నేను గట్టిగా కోరుకుంటాను.

తరువాత చీలమండ దగ్గరి రక్తపోటునూ, చేతి రక్తపోటునూ కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగించారు. ఆ నిష్పత్తి 0.9 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే పూడిక ఉన్నట్టు లెక్క, నా కుడికాలికి 0.62 వచ్చింది. మధుమేహంలో ధమనుల గోడలు గట్టిపడి ఈ అంకె తప్పుగా ఎక్కువ చూపించే అవకాశం ఉంది కాబట్టి రక్తం ప్రవహించే తీరును చూపించే డాప్లర్ స్కాన్ కూడా చేసి నిర్ధారించుకున్నారు. జబ్బు కాలిలో బయటపడినా అసలు ప్రమాదం గుండెకూ మెదడుకూ ఎక్కువని వివరించి, ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు రాశారు. నడకతో గుండెకు ఇబ్బంది లేదని ఈసీజీ, ఎకో చూసి తేల్చుకున్నాకే వ్యాయామం మొదలుపెట్టించారు.

వారానికి కనీసం మూడుసార్లు, మధ్యలో ఆగే సమయంతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, మూడు నెలలు తప్పకుండా చేయాలన్నది నియమం. ఫిజియోథెరపిస్టు ట్రెడ్‌మిల్ మీద పక్కనే నిలబడి నేర్పించారు. పిక్క నొప్పి మొదలుకాగానే ఆగకూడదు, అది ఓర్చుకోగలిగినంతవరకు పెరగనిచ్చి అప్పుడు ఆగాలి, పూర్తిగా తగ్గాక మళ్లీ నడవాలి. ఇందులో కష్టమంతా ఆ మొదటి కొద్ది నిమిషాలదే, ఎందుకంటే నొప్పి అనగానే ఏదో చెడిపోతోందన్న భయం పుడుతుంది. ఈ నొప్పి వల్ల కండరం పాడైపోదని డాక్టరు స్పష్టంగా చెప్పి ఉండకపోతే నేను మొదటి వారంలోనే మానేసేవాణ్ణి. బీచ్ రోడ్డులో తోటివారు "ఇంటికెళ్లి కాళ్లు చాపుకుని పడుకోండి మాస్టారూ" అని ప్రేమగా చెప్పేవారు, వారికి ఈ పద్ధతిని వివరించడం కూడా నా దినచర్యలో భాగమైపోయింది.

మూడో నెల ముగిసేసరికి గుడి నుంచి జలాంతర్గామి దాకా ఆగకుండా నడవగలిగాను. సంతోషంగా మళ్లీ పరీక్ష చేయించుకుంటే ఆ నిష్పత్తి దాదాపు అలాగే ఉంది! నడక ఇంత మెరుగై, అంకె కదలకపోవడం నాకు అర్థం కాలేదు. పూడిక ఎక్కడిదక్కడే ఉందనీ, మారింది ముఖ్యంగా కండరమనీ డాక్టరు చెప్పారు. అందిన ప్రాణవాయువును కండర కణాలు మరింత పొదుపుగా వాడుకోవడం నేర్చుకుంటాయి, రక్తనాళాల లోపలి పొర పనితీరు మెరుగై అవి చక్కగా వ్యాకోచిస్తాయి, నడక తీరు కూడా సర్దుకుని తక్కువ శ్రమతో అడుగు పడుతుంది. కాలువ పూడిక తీయకుండానే, వచ్చే నీటితోనే ఎక్కువ మడి తడపడం లాంటిది ఇది. ఇదేమీ కొత్త సంగతి కాదు. జర్మన్ వైద్యుడు విల్హెల్మ్ ఎర్బ్ 1898లోనే ఇలాంటి రోగులకు నడకను సూచించాడు, 1966లో డెన్మార్క్‌కు చెందిన లార్సెన్, లాసెన్ ఒక చిన్న ప్రయోగంలో రోజువారీ వ్యాయామంతో నడవగలిగే దూరం పెరుగుతుందని చూపించారు.

మానేస్తే ఈ లాభం క్రమంగా కరిగిపోతుంది కాబట్టి నేను నడక ఆపలేదు. గోడ పట్టుకుని మడమలు పైకెత్తే వ్యాయామం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చునే వ్యాయామం కూడా కలిపాను. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గింది గనుక బూట్లు వేసుకునే ముందు లోపల చేయి పెట్టి రాళ్లేమైనా ఉన్నాయేమో చూసుకుంటాను, తిరిగి వచ్చాక అరికాళ్లనూ వేళ్ల సందులనూ వెలుతురులో పరిశీలిస్తాను. కదలకుండా పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పి పెడుతున్నా, మానని పుండు ఉన్నా, వేలు నల్లబడినా అప్పుడు నడక పనికిరాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బీచ్ రోడ్డులో ఎవరైనా పిక్క పట్టుకుని ఆగితే నేను ముందుగా ఈ సంగతే చెబుతాను.